‘రానక్కర్లేదు’ అన్న ఒక్క మాట

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాకు 48 ఏళ్లు, బట్టల దుకాణం ఉంది. మా అప్పను (అక్కను) టెక్కలిలో ఇచ్చాం. ఏటా నాన్న తద్దినానికి వచ్చేది. ఎనిమిది నెలల కిందట, మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆమెకు ఇబ్బంది ఎందుకని, ‘ఈసారి నువ్వు రానక్కర్లేదు’ అని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒడియా బడిలో చదివినందువల్ల తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తాను. అప్పకు అవి రావు. కోడలు చదివి వినిపించిందట. ఆ రాత్రే అప్ప గ్రూపు నుంచి వెళ్లిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు. క్షమించమని పెద్ద మెసేజీ పెట్టమని మా అబ్బాయి, ముందు ఆమే మాట్లాడాలని నా భార్య అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీరు పంపిన వాక్యాన్ని రెండు విధాలుగా పైకి చదివి చూశాను. ‘రానక్కర్లేదు’ అనే మాటను మెల్లగా, చివర కొంచెం సాగదీసి అంటే ‘ఆ మోకాళ్లతో నీకెందుకమ్మా ఈ అవస్థ’ అన్నట్టు వినిపిస్తుంది. అదే మాటను పొడిగా అంటే గుమ్మం దగ్గరే ఆపి తలుపు వేసినట్టు ఉంటుంది. అక్షరాలు మాత్రం రెండింటికీ ఒకటే. మీ మనసులో ఉన్నది మొదటిదేనని నేను నమ్ముతున్నాను. అయితే ఆ రోజు అప్ప చెవిన పడింది ఆమె కోడలి గొంతు. ఇంగ్లీషు అక్షరాల్లోని తెలుగును కూడబలుక్కుంటూ చదివేవారి నోట ఎంత మెత్తని మాటైనా పొడిగానే వస్తుంది. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కానీ అత్తగారిగా పెద్దరికంతో మసలుకుంటున్న ఇంట్లో, కోడలి ఎదుట, పుట్టింటివారు తనను రావద్దన్నారన్న అర్థంలో ఆ మాట వినవలసి రావడం మీ అప్పకు ఎంత చిన్నతనంగా అనిపించి ఉంటుందో ఆలోచించండి. తండ్రి పోయాక ఆడపిల్లకు పుట్టింటి పిలుపు తమ్ముడి నోటినుంచే రావాలి. ఆమె నొచ్చుకున్నది ఇక్కడేనని నాకు అనిపిస్తోంది.

అందువల్ల, గాయం చేసిన దారిలోనే మందు పంపమంటున్న మీ అబ్బాయి సలహా సదుద్దేశంతో చెప్పినదే అయినా, నేను దాన్ని సమర్థించలేను. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ సెల్ట్జర్ బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు బాలికలను మనసు ఒత్తిడికి లోనయ్యే పరీక్షకు కూర్చోబెట్టి, తరువాత తల్లులతో ఓదార్పు మాటలు చెప్పించారు: కొందరికి ఎదురుగా, కొందరికి ఫోనులో, కొందరికి కంప్యూటర్ సందేశాల్లో. తల్లిని కలిసినవారిలోనూ, ఆమె గొంతు విన్నవారిలోనూ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, ఆప్యాయతతో ముడిపడిన ఆక్సిటోసిన్ పెరిగింది. సందేశాలు మాత్రమే అందుకున్న పిల్లలు, తల్లితో అసలు మాట్లాడనివారి మాదిరిగానే ఉండిపోయారు. పిల్లలపై జరిగిన చిన్న అధ్యయనాన్ని మీ అప్పకు యథాతథంగా వర్తింపజేయలేం, నిజమే. అయినా గొంతు చేసే పనిని రాత చేయలేదన్న సంగతి, నా దగ్గరకు వచ్చే కుటుంబాలలోనూ నేను తరచుగా చూస్తున్నదే.

మీ ఊరివారికి ఇది మరింత బాగా తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. బడి భాష మారింది, కచేరీ భాష మారింది. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం ఆగలేదు. తెలుగు చదవడం రాని మీకు ఇంత చక్కగా మాట్లాడడం వచ్చిందంటే, పెళ్లిళ్లకూ పండగలకూ సాగిన ఆ రాకపోకలకు అందులో పెద్ద పాత్రే ఉంది. నోటి మాటకు గౌరవం దక్కాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. మీకు బాగా వచ్చిన తెలుగు నోటి తెలుగే అయినప్పుడు, క్షమాపణను వచ్చీరాని అక్షరాలకు ఎందుకు అప్పగించాలి? అప్ప ఏ గల్ఫ్ దేశంలోనో ఉంటే వీడియో కాల్ చేయమనేవాణ్ని. టెక్కలి రైలెక్కితే రెండు గంటలు కూడా పట్టని ఊరు.

మీ భార్యగారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఎనిమిది నెలల మౌనం ఆమెనూ బాధించి ఉంటుంది. కానీ మాట మన ఇంటినుంచి వెళ్లింది కనుక మనమే వెళ్లాలి. ఇద్దరూ కలిసి వెళ్లండి. చీర, పసుపు కుంకుమలు మీ భార్యగారి చేతుల మీదుగా ఇప్పించండి. ముందురోజు బావగారికి ఫోన్ చేసి వస్తున్నట్టు చెప్పండి.

అక్కడ కూర్చున్నంతసేపూ ఫోన్ జేబులోంచి తీయవద్దు. ‘చూడు, నేను రాసింది ఇదే’ అంటూ పాత మెసేజీని చూపించే ప్రయత్నం అసలే వద్దు. కోడలు కూడా అక్కడ ఉన్నప్పుడే, ‘అప్పా, నీ మోకాళ్ల గురించే ఆలోచించాను గానీ, నోటితో పిలవవలసిన దాన్ని ఫోన్‌లో రాసి తప్పు చేశాను’ అని చెప్పండి. ఆమె వెంటనే కరగకపోవచ్చు, ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. తొందరపడి లేచిరాకండి. భోజనానికి లెమ్మంటే, ఆకలి లేకపోయినా లేవండి.

తద్దినానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ రోజుకు కారు మాట్లాడుకుని మీరే వెళ్లి ఆమెను తీసుకురండి. ఆ సంగతి కూడా ఇప్పుడు వెళ్లినప్పుడే, ఆమె ఎదురుగా కూర్చుని చెప్పండి.