మీరడిగారు: లండన్ నుంచి ఒక్కరోజులో కేంబ్రిడ్జి

ప్రశ్న: మా అమ్మాయి లండన్లో ఉద్యోగం చేస్తోంది. జూన్ మొదటి వారంలో నేనూ మావారూ వెళ్తున్నాం. ముగ్గురం రైల్లో కేంబ్రిడ్జి వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలని ఉంది. రామానుజన్ ఉన్న కాలేజీ చూడాలని మావారి కోరిక. ఆయనకు మోకాళ్ల నొప్పులు. రిజర్వేషన్ ముందే చేయించాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రిజర్వేషన్ గొడవే లేదు. దూరం ఇంచుమించు మన విశాఖ నుంచి తునికి ఉన్నంత. కింగ్స్ క్రాస్ స్టేషన్లో ఫాస్ట్ రైలు ఎక్కితే 50 నిమిషాలు. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి గంటంపావు దాకా పడుతుంది. రత్నాచల్‌కి వెతికినట్టు బోగీ నంబరు వెతకక్కర్లేదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. ప్లాట్‌ఫారం నంబరు మాత్రం బండి కదలడానికి కొద్ది నిమిషాల ముందే బోర్డు మీద పడుతుంది.

డబ్బు ఆదా అయ్యేది టికెట్ దగ్గరే. వారం మధ్యలో ఉదయం ఆఫీసు వేళ టికెట్ బాగా ఎక్కువ. ఆ రద్దీ తగ్గాక, సుమారు తొమ్మిదిన్నర దాటాక చెల్లే ‘ఆఫ్ పీక్ డే రిటర్న్’ తీసుకోండి. మీరు ముగ్గురు కాబట్టి ‘గ్రూప్ సేవ్’ అని అడగండి. 3 నుంచి 9 మంది కలిసి వెళ్తే మూడో వంతు తగ్గిస్తారు, ఏ కార్డూ అక్కర్లేదు. టికెట్ మీద ఫలానా కంపెనీ బండ్లకే అని రాసి ఉందేమో చూసుకోండి. ఆ రెండు స్టేషన్ల బండ్లు వేర్వేరు కంపెనీలవి, ఒకదాని టికెట్‌తో రెండోది ఎక్కితే జరిమానా పడొచ్చు. లండన్ నగరంలో బస్సులకీ రైళ్లకీ వాడే ఆయిస్టర్ కార్డు గీసి ఎక్కేస్తే లండన్లో గేటు తెరుచుకుంటుంది, కేంబ్రిడ్జిలో తెరుచుకోదు. ఆదివారం వద్దు. పట్టాల మరమ్మతులు ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు, సగం దారి బస్సులో పోవాల్సి రావచ్చు.

స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకి దాదాపు రెండు కిలోమీటర్లు. మీవారి మోకాళ్ల దృష్ట్యా బస్సో టాక్సీయో ఎక్కండి. అదే కారణంగా గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి గోపురం మానుకోండి, 123 మెట్లు.

అసలు చిక్కు మీ తేదీ. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మూడో వారం దాకా పరీక్షల కాలం, చాలా కాలేజీలు సందర్శకులను లోపలికి రానివ్వవు. వీలైతే ప్రయాణాన్ని జూన్ చివరికి జరపండి. రామానుజన్ 1914లో వచ్చింది, 1918లో ఫెలో అయింది ట్రినిటీ కాలేజీలో. అక్కడి రెన్ లైబ్రరీలోనే ఆయన చివరి రోజుల్లో రాసుకున్న లెక్కల కాగితాలు, ‘లాస్ట్ నోట్‌బుక్’ అనేవి, ఉన్నాయి. లైబ్రరీలోకి సందర్శకులను వదిలే వేళలు బహు తక్కువ, ముందురోజు కాలేజీ వెబ్‌సైట్ చూసుకుని వెళ్లండి. తలుపులు మూసున్నా పెద్ద గేటు పక్కన న్యూటన్ చెట్టు అంటుతో పెంచిన ఆపిల్ చెట్టు వీధిలోంచే కనిపిస్తుంది. గేటు మీద ఎనిమిదో హెన్రీ బొమ్మ చేతిలో రాజదండం ఉండాల్సిన చోట కుర్చీ కాలు ఉంటుంది, తలెత్తి చూడండి. పక్కనున్న సెయింట్ జాన్స్ కాలేజీ మన ఆంధ్రా యూనివర్సిటీ తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చదివిన చోటు. కింగ్స్ కాలేజీ చాపెల్‌కి టికెట్ ఉంది గానీ, టర్మ్ రోజుల్లో సాయంత్రం పాటల ప్రార్థనకి ప్రవేశం ఉచితం.

ప్రశ్న: కేంబ్రిడ్జి నదిలో గెడతో నెట్టే పంట్ పడవ మనమే నడపొచ్చా? అక్కడి కొయ్య వంతెనను న్యూటన్ ఒక్క మేకు లేకుండా కట్టాడంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: నడపొచ్చు, అద్దెకిస్తారు. వెనకనున్న చెక్క తిన్నె మీద నిలబడి, గెడను చేతుల్లోంచి నిటారుగా జారవిడిచి, అడుగు తగిలాక నెట్టాలి. పైకి తీసేటప్పుడు కాస్త మెలితిప్పి లాగితే బురద వదులుతుంది. ఇరుక్కుపోయిందా, వదిలేయండి. పట్టుకుని ఉంటే పడవ ముందుకు పోతుంది, మీరు గెడకు వేలాడతారు. అందుకే పడవలో తెడ్డు ఉందో లేదో చూసుకుని ఎక్కండి.

వంతెన కథ మాత్రం ఉత్తదే. న్యూటన్ పోయింది 1727లో, వంతెన కట్టింది 1749లో. దుంగలు కలిసేచోట బోల్టులు పడవలోంచే కనిపిస్తాయి.