ప్లానుకు డబ్బు కట్టాం, మరి హక్కు ఎవరిది?

ప్రశ్న: ఇంటి కోసం ఆర్కిటెక్టు చేత ప్లాను, ఎలివేషన్ (బయటి రూపం బొమ్మ), కొలతలతో కూడిన వర్కింగ్ డ్రాయింగ్స్ అన్నీ గీయించుకుని ఫీజు మొత్తం కట్టేశాం. ఇప్పుడు మా తమ్ముడు పక్క స్థలంలో అచ్చం అదే ఇల్లు కట్టుకుంటానంటున్నాడు. దానికి ఆర్కిటెక్టు మళ్లీ ఫీజు అడుగుతున్నారు, క్యాడ్ ఫైళ్లు (కంప్యూటర్లో మార్చుకోగల డ్రాయింగ్స్) కూడా ఇవ్వనంటున్నారు. డబ్బు కట్టాక ప్లాను మాది కాదా?

జవాబు: కాగితాలు మీవే, ప్లాను మీద కాపీరైట్ మాత్రం ఆయనది. మన కాపీరైట్ చట్టం, 1957 ప్లానును కూడా డ్రాయింగ్‌గా, అంటే కళాకృతిగానే లెక్కిస్తుంది. అది అందంగా ఉందా లేదా అన్నది చట్టానికి అక్కర్లేదు, సొంతంగా గీసినదైతే చాలు. సెక్షన్ 17 ప్రకారం తొలి హక్కుదారు గీసిన మనిషే. అందరూ పొరపడేది ఇక్కడే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు డబ్బిచ్చినవారిదేనని అదే సెక్షన్ చెబుతుంది. ఇంటి ప్లాను ఆ జాబితాలో లేదు. (గీసింది సంస్థలో జీతానికి పనిచేసే ఆర్కిటెక్టయితే హక్కు సంస్థది.)

ఫీజుతో మీకు దక్కింది ఆ స్థలంలో ఆ ఇల్లు కట్టుకునే అనుమతి. కాగితం మీది బొమ్మను ఇటుకా సిమెంటుతో లేపడం కూడా సెక్షన్ 14 దృష్టిలో నకలు తీయడమే. అందుకని రెండో ఇంటికి ఫీజు అడగడంలో తప్పు లేదు. అయితే ఆయనకు ఈసారి గీసే పని తక్కువ, కాబట్టి గట్టిగానే బేరమాడవచ్చు. బేరం తెగినా పాత స్ట్రక్చరల్ డ్రాయింగ్స్ (పునాదులు, స్తంభాల కొలతలు) మాత్రం యథాతథంగా వాడకండి. పక్క స్థలమే అయినా కింద నేల బలం వేరుగా ఉండొచ్చు. మట్టి పరీక్ష చేయించకుండా అవే ఫుటింగులు వేస్తే రేపు గోడలు బీటలు తీయవచ్చు.

క్యాడ్ ఫైలు సంగతి వేరు. ఇస్తానని ఒప్పందంలో లేకపోతే పట్టుబట్టడం కష్టం. ఫైలును ఎవరో మార్చేసి, కింద తమ పేరు అలాగే ఉంచేస్తారన్నది ఆర్కిటెక్టుల భయం, అది ఉత్త భయం కాదు. కట్టడానికి సంతకం చేసిన ప్రింట్లు, పీడీఎఫ్‌లు సరిపోతాయి. ఏ ఫైలు, ఏ దశలో, ఎన్ని సెట్లు ఇవ్వాలో మొదటి విడత కట్టకముందే రాయించుకోవాల్సింది.

ఒప్పందంలో ‘హక్కులన్నీ యజమానివే’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకున్నా ఇబ్బందే. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ డ్రాయింగ్స్, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడ, ఎంత మొత్తానికి అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే. పొందిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేలా రాసుకుని ఉంటే తప్ప, అది చెల్లకుండా పోతుంది. ఒకే నమూనా ఇళ్లు వరసగా కట్టే బిల్డరుకు ఇదంతా కావాలి. సొంతింటివాళ్లకు ఈ వాక్యం చాలు: ‘ఈ స్థలంలో నిర్మాణం, మరమ్మతులు, విస్తరణ కోసం ఈ డ్రాయింగ్స్‌ను యజమాని, ఆ తర్వాత ఇల్లు కొన్నవారు వాడుకోవచ్చు, ఒప్పందం మధ్యలో రద్దయినా ఫీజు చెల్లించిన దశ వరకు ఈ అనుమతి కొనసాగుతుంది.’

ప్రశ్న: పునాదుల దగ్గరే ఆర్కిటెక్టుతో చెడింది. ఆయన డ్రాయింగ్స్‌తోనే ఇంకొకరి చేత పని పూర్తి చేయించవచ్చా?

జవాబు: ఒప్పందంలో ఏమీ లేకపోతే, చెల్లించిన ఫీజును బట్టి అనుమతి ఉందో లేదో తేలుతుంది. 1971లో ఇంగ్లండులో వచ్చిన రెండు తీర్పులు ఇప్పటికీ దారి చూపిస్తాయి. ప్లాను మంజూరు దశ వరకు పద్ధతి ప్రకారం ఫీజు కట్టిన కేసులో, అదే ప్లానుతో ఇల్లు కట్టుకునే హక్కు యజమానికి, ఆయన దగ్గర స్థలం కొన్నవారికీ ఉందన్నారు. నామమాత్రపు ఫీజుతో గీయించుకున్న కేసులో లేదన్నారు. కాబట్టి ముందు బాకీ తీర్చి, అభ్యంతరం లేదని ఉత్తరం తీసుకోండి. కొత్త ఆర్కిటెక్టు కూడా, పాత ఒప్పందం రద్దయిందని ఆధారం చూసి, పాతాయనకు రాతపూర్వకంగా తెలిపాకే పని ఒప్పుకోవాలి. ఆర్కిటెక్టుల కోసం వచ్చిన 1989 నాటి వృత్తి ప్రవర్తనా నియమావళి చెప్పేది ఇదే. పాత షీట్ల మీద పేరు చెరిపి కొత్త పేరు వేయడం మాత్రం వద్దు. హక్కు అమ్మేసినా పేరు చెప్పుకునే హక్కు (సెక్షన్ 57) గీసినవారికే ఉంటుంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్టును. నేను గీసిన ఎలివేషన్‌ను ఎవరో కాపీ కొట్టి కడుతున్నారు, మొదటి శ్లాబు కూడా పడింది. కోర్టు ద్వారా ఆపించగలనా?

జవాబు: ఆపించలేరు. కట్టడం మొదలయ్యాక దాన్ని ఆపమని గానీ, కూల్చమని గానీ కోర్టు ఆదేశించకూడదని సెక్షన్ 59 అంటుంది. ఇక మిగిలింది నష్టపరిహారం. ముగ్గు పోయకముందే తెలిసి ఉంటే స్టే అడిగే వీలుండేది. నిర్మాణ అనుమతుల దరఖాస్తు దశలోనే నోటీసు ఇవ్వాలనేది అందుకే.

కేసు నిలవాలంటే ఏది కాపీ అయిందో వేలు పెట్టి చూపాలి. కట్టడానికి సంబంధించినంతవరకు రక్షణ కళాత్మక రూపానికే, నిర్మాణ పద్ధతులకు కాదు (సెక్షన్ 13). హాలు పక్కన వంటగది, ఆ వెనక స్నానాలగది అన్న అమరిక ఎవరి సొత్తూ కాదు. రెండు డ్రాయింగ్స్‌ను ఒకే స్కేలుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరచండి. మీరు పొరపాటున వేసిన కొలత అవతలివారి షీట్లో కూడా ఉంటే, అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. తేదీలున్న పీడీఎఫ్‌లు, ఈమెయిళ్లు, పాత స్కెచ్‌లు దాచుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించి ఉంటే ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్రశ్న: పాతికేళ్ల నాటి ఇల్లు. పడగొట్టాలన్నా, అదే ప్లానుతో మళ్లీ కట్టాలన్నా ఆర్కిటెక్టును అడగాలా?

జవాబు: రెండింటికీ అక్కర్లేదు. ఢిల్లీలో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను 2017లో కూల్చేశారు. దాని ఆర్కిటెక్టు రాజ్ రేవాల్ కోర్టుకు వెళ్తే, కట్టడాన్ని పూర్తిగా కూల్చడాన్ని ఆర్కిటెక్టు అడ్డుకోలేరని ఢిల్లీ హైకోర్టు 2019లో తేల్చింది. తిరిగి కట్టడానికి సెక్షన్ 52 మినహాయింపు ఇస్తోంది. మొదటిసారి హక్కుదారు అనుమతితో కట్టి ఉండాలి, అంతే. అందుకని పాత ఒప్పందం, రసీదులు దాచుకోండి.