వెలుగు చూశాక మొక్క, నీటి దారి చూశాక మట్టి

ఇంట్లోకి పచ్చదనం తెచ్చుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం. ఇంటి మధ్యలో 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు జాగాను నేల నుంచి ఆకాశం దాకా ఖాళీగా వదిలి, మండువాలా చేసి మొక్కలు పెట్టాలని ఉంది. వానాకాలం ఇల్లు చెరువవుతుందని మేస్త్రీ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మండువా వదులుకోకండమ్మా. మేస్త్రీ గారి భయంలో అర్థముంది, కానీ లెక్క వేస్తే అది చిన్నదే. 48 చదరపు అడుగులంటే దాదాపు 4.5 చదరపు మీటర్లు. గంటలో 100 మిల్లీమీటర్ల కుంభవృష్టి కురిసినా అందులో నేరుగా పడేది 450 లీటర్లు. నాలుగంగుళాల పైపు ఒక్కటి చాలు, ఆ నీళ్లు నిలవకుండా పోతాయి. నీళ్లు ఇంట్లోకి వచ్చేది వేరే తప్పుల వల్ల. పాత మండువా లోగిళ్లలో నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికే వాలి ఉండేది. ఇప్పుడు స్లాబ్ నీళ్లను కూడా అలాగే లోపలికి వదిలితే 450 లీటర్లు కాస్తా వేలల్లోకి పోతుంది. మేడ మీది వాలు మొత్తం బయటి గోడల వైపే పెట్టించండి.

మండువా నేల గదుల నేల కంటే ఆరంగుళాలు దిగువన ఉండాలి. చుట్టూ రెండంగుళాల ఎత్తున గ్రానైట్ గట్టు వేయించండి. నీళ్లు పోవడానికి ఒకటి కాదు, రెండు పైపులు పెట్టండి: ఒకటి నేల మట్టంలో, రెండోది మూడంగుళాలు పైన. మొదటిది ఆకులతో పూడుకుపోయిన రోజున రెండోది ఇంటిని కాపాడుతుంది. చదునుగా ఉండే జాలీ మీద ఒక్క వెడల్పాటి ఆకు పడితే చాలు, మూత పెట్టినట్టే. అందుకని బోర్లించిన గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే జాలీ కొనండి. ఈ పైపులను డ్రైనేజీకి కలపవద్దు. వీధిలో మురుగు పొంగితే ఆ దారినే తిరిగి మండువాలోకి వస్తుంది. ఇంకుడు గుంతకు కలిపి, అది నిండితే వీధి వైపు వాన కాలువలోకి పోయేలా ఒక దారి ఇవ్వండి.

మొక్కలు పెట్టేచోట కింద కాంక్రీటు వేయకుండా నేలను అలాగే వదలండి. వేర్లు భూమిలోకి దిగుతాయి, నీళ్లు ఇంకుతాయి. కానీ ఆ మట్టి పక్క గోడల ప్లింత్‌కు, అంటే పునాది పైభాగానికి తగిలే చోట వాటర్‌ప్రూఫింగ్ పూత తప్పనిసరి. లేకపోతే రెండేళ్లలో పక్క గదిలో నేల నుంచి మూడడుగుల దాకా పెయింట్ పొక్కులు లేస్తుంది.

పైన పాలికార్బనేట్ షీట్ వేయాలనుకుంటే, పిట్టగోడకు ఆనించి కాకుండా కనీసం అడుగు ఎత్తున లేపి, నాలుగు పక్కలా గాలి పోయేలా వదిలి, ఆ సందుకు పావురాల జాలీ కొట్టించండి. ఆనించి మూసేస్తే వేడి పోయే దారి లేక ఏప్రిల్ నాటికి అది ఆవిరి కుండ అవుతుంది. మండువా పని వేడి గాలిని పైకి పంపడమే, ఆ దారి మూస్తే ఇక దానివల్ల లాభం లేదు.

రెండంతస్తుల గోడల మధ్య అడుగు భాగానికి ఎండ తగిలేది మిట్టమధ్యాహ్నం గంటసేపే. కాబట్టి గులాబీ, మల్లె ఆశ పెట్టుకోకండి. తమలపాకు తీగ, ఫెర్న్, అరెకా పామ్, హెలికోనియా బాగా వస్తాయి. రావి, మర్రి, రబ్బరు మొక్క జాతి ఏదీ వద్దు. వాటి వేర్లు పునాదినీ పైపులనూ వెతుక్కుంటూ పోతాయి.

ప్రశ్న: మాది పడమటి బాల్కనీ. మధ్యాహ్నం రెండు నుంచి హాలు పొయ్యిలా ఉంటుంది. మందపాటి కర్టెన్లు వేసినా లాభం లేదు. మొక్కలతో ఎండను ఆపవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆపవచ్చు, అదీ అద్దానికి బయటే ఆపాలి. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండ కర్టెన్‌కు తగిలినా ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. బాల్కనీ పైనుంచి కిందికి తీగల పందిరి తెరలా కట్టండి. విజయవాడ ఎండకు రాధామనోహరం గట్టి మొక్క. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ, ఆపై ఎరుపు తిరిగే పూలు. గోడను కప్పాలనుకుంటే తీగ గోడకు అంటకుండా ఆరంగుళాలు ఎడంగా లోహపు తీగెలు కట్టాలి. ఆ సందులో గాలి ఆడితేనే గోడ చల్లబడుతుంది, పురుగూ చెమ్మా చేరవు.

కుండీ చిన్నదైతే తీగ ఆకులు వేయదు. 18 అంగుళాల వెడల్పు, అంతే లోతున్న తొట్టి కావాలి. అందులో రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక వంతు వర్మీకంపోస్ట్. కోకోపీట్‌ను రెండుసార్లు నీళ్లు మార్చి కడిగి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇంత తొట్టి తడిసినప్పుడు 80 కిలోల పైమాటే. బాల్కనీ బయటికి వేలాడే స్లాబ్ కాబట్టి బరువంతా గోడ వైపు పెట్టి, తీగను మాత్రం రెయిలింగ్ వైపు పాకించండి. నాలుగు తొట్లకు మించి అంటే ముందు ఇంజినీరును అడగండి.

సముద్రం దగ్గరున్న విశాఖ, కాకినాడ పాఠకులకు ఒక మాట: జీఐ (జింకు పూత ఇనుప) తీగెలు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తీగె లేదా మందపాటి నైలాన్ తాడు వాడండి. మొక్కల్లో కాగితప్పూలు, గన్నేరు ఆ గాలిని తట్టుకుంటాయి. గన్నేరు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ డాబా మీద అడుగు మందాన మట్టి పోసి లాన్ పెంచితే పై అంతస్తు చల్లబడుతుందా? – ఒక అసోసియేషన్ కార్యదర్శి, గుంటూరు

జవాబు: చల్లబడుతుంది, కానీ మీ స్లాబ్ మోయలేదు. అడుగు మందం తడి మట్టి చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పే భారం సుమారు 150 కిలోలు. దానికి మూడు రెట్లు పైన శాశ్వతంగా మోపమంటే పగుళ్లు, ఆ పగుళ్లలోంచి కింది ఇంట్లోకి కారడం తప్పదు. డాబాకు చల్లని తెల్లపూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇలాంటి పూతల కోసమే. మొక్కలు కావాలంటే స్తంభాలూ బీములూ ఉన్న గీతల మీద, ఇటుకల మీద ఎత్తిన తేలిక తొట్లలో పెట్టండి.

ప్రశ్న: గాలి శుభ్రమవుతుందని పడకగదిలో పది మొక్కలు పెట్టాను. ఆరు పోయాయి, మిగతావాటి ఆకుల కొసలు మాడుతున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ప్రశ్నలోనే కారణం ఉందండీ: రోజూ నీళ్లు పోయడం. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా, వేలికి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. చచ్చిన మొక్కను కుండీలోంచి తీసి వేర్లు చూడండి. తెల్లగా గట్టిగా ఉండాల్సినవి గోధుమరంగులో, చిదిమితే పైతోలు జారి లోపలి నార మిగిలితే అది కుళ్లు. తడిలో గాలి అందక చచ్చిన వేర్లు అవి.

ఆకుల కొసలు మాడటానికి కారణం మీ బోరు నీళ్లు కావచ్చు. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుందా? అది నీటిలోని లవణం. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో అది ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు మాత్రం కుండీలకు పోయకండి, నేలలు తుడవడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, అది పోయండి. నెలకోసారి కుండీ కింది రంధ్రంలోంచి ధార కట్టేలా మంచి నీళ్లు పోసి లవణం కడిగేయండి.

ఇక వెలుగు. మధ్యాహ్నం మొక్క పెట్టే చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తున చేయి పట్టండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే చాలా మొక్కలు బతుకుతాయి. నీడ మసకగా ఉంటే స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్, మనీప్లాంట్ పెట్టండి. నీడే లేదంటే అక్కడ మొక్క వద్దు, మంచి కుర్చీ వేసుకోండి.

గాలి శుద్ధి సంగతి: 1989 నాటి నాసా పరిశోధన గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఇళ్లలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసేపాటి శుద్ధి మొక్కలతో కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. కిటికీ తెరిస్తే వచ్చే గాలి ముందు పది కుండీలు ఏ మూలకు? మొక్కలు చూడటానికి హాయిగా ఉంటాయని పెట్టుకోండి, ఆ కారణం చాలు.

ప్రశ్న: వట్టివేళ్ల తడికలు కడితే ఇల్లు చల్లబడుతుందంటారు. విశాఖలో పనిచేస్తాయా? – ఒక పాఠకుడు

జవాబు: వాసన హాయి తప్ప చల్లదనం అంతగా రాదు. తడిక చల్లబరిచేది నీరు ఆవిరవడం వల్ల. మీ గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, నీరు ఆవిరవదు. మే నెలలో పొడిగాలి వీచే హైదరాబాద్, కర్నూలు ఇళ్లకు అది మంచి ఉపాయం. మీకు ఎదురెదురు కిటికీలూ ఫ్యానూ మేలు.

ప్రశ్న: హాల్లో కలువ తొట్టి పెట్టాలని ఉంది, డెంగీ భయం. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తొట్టిలో నాలుగైదు గప్పీ చేపలు వేస్తే దోమ పిల్లలు మిగలవు. కానీ హాల్లో కలువ పూయదు, రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. బాల్కనీలో పెట్టండి. అసలు భయపడాల్సింది తొట్టికి కాదు, కుండీల కింది పళ్లేలకు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా మన వేడిలో వారం పదిరోజులు చాలు. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన పళ్లెం గోడకు అంటుకుని, నీళ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్లు ఒంపడం ఒక్కటే సరిపోదు. వారానికోసారి కొబ్బరి పీచుతో పళ్లెం అంచులు గట్టిగా రుద్ది కడగండి.