పిల్లల బాస్కెట్‌బాల్: రిఫరీ విజిల్ ఎప్పుడు ఊదాలి?

ప్రశ్న: నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అండర్-14 బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా పిలుస్తున్నారు. పిల్లలు కిందపడితే ఆట ఆపాలో వద్దో తేలడం లేదు. ఆపితే కోచ్‌లు, ఆపకపోతే తల్లిదండ్రులు మండిపడుతున్నారు. ఈ రంగంలో నాకు భవిష్యత్తు ఉంటుందా?
- ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఉంటుంది. మీ ఇబ్బంది ధైర్యం చాలక వచ్చింది కాదు, చూపు ఎక్కడ నిలపాలో తెలియక వచ్చింది. షాట్ వేయగానే కొత్త రిఫరీ కళ్లు బంతి వెంట రింగ్ దాకా పోతాయి. సరిగ్గా అప్పుడే డిఫెండర్ గాల్లో ఉన్న కుర్రాడి కాళ్ల కిందికి జరుగుతాడు. చీలమండ మెలిపడేదీ, తల సిమెంటుకు తగిలేదీ అక్కడే. ఇద్దరు రిఫరీలున్నప్పుడు, బయటి నుంచి షాట్ వేసినవాడి రెండు పాదాలూ నేలకు ఆనేదాకా ట్రెయిల్ రిఫరీ (ఆట వెనకగా వచ్చేవారు) అతన్నే చూడాలి. బుట్ట కింద తోపులాట లీడ్ రిఫరీ (ముందుగా వెళ్లి బుట్ట దగ్గర నిలబడేవారు) చూసుకుంటారు. ఎదుటివాడు గాల్లోకి లేచాక కిందికి జరిగి తగిలితే, ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో అది సాధారణంగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన) ఫౌల్. 'చిన్నోడు, కావాలని చేయలేదు' అని మామూలు ఫౌల్‌తో సరిపెట్టకండి.

ఇక ఆట ఆపడం. ఒకరు గాయపడినా బంతి ఆటలో ఉంటే, బంతి చేతిలో ఉన్న జట్టు షాట్ వేసేదాకా, దాన్ని పోగొట్టుకునేదాకా, లేదా ఆడకుండా పట్టుకునేదాకా విజిల్ ఊదకూడదు. గాయపడినవారిని కాపాడాల్సి వస్తే మాత్రం వెంటనే ఆపవచ్చు. పిల్లల మ్యాచ్‌ల్లో ఈ మినహాయింపు వైపే మొగ్గండి. తల పట్టుకుని పడినా, కదలకపోయినా, ఆట వాడి మీదికే వస్తున్నా క్షణం ఆగొద్దు. చీలమండ పట్టుకుని మూలన కూర్చున్నవాడి కోసం ఫాస్ట్‌బ్రేక్ (మెరుపు దాడి) ఆపితే మాత్రం కోచ్ కోపంలో న్యాయం ఉంది. మ్యాచ్ మొదలవక ముందే ఇద్దరు కోచ్‌లనూ పిలిచి ఈ తేడా చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

గాయపడినవారు సుమారు 15 సెకన్లలో ఆటకు సిద్ధం కాలేకపోతే, లేదా బెంచ్ నుంచి సాయం అందితే, సబ్‌స్టిట్యూట్ రావాల్సిందే. రక్తం ఆగి, గాయం పూర్తిగా కప్పాకే తిరిగి కోర్టులోకి రానివ్వాలి. తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా, ఆ రోజు ఇక ఆడించొద్దని కోచ్‌కు, నిర్వాహకులకు గట్టిగా చెప్పండి. మెడ నొప్పి అంటే ఎవరినీ లేపనివ్వకుండా 108కు ఫోన్ చేయించండి.

మ్యాచ్‌కు 20 నిమిషాల ముందు నుంచే మీకు అధికారం ఉంటుంది, దాన్ని వాడుకోండి. మన వైపు స్కూళ్లలో చాలావరకు ఆరుబయటి సిమెంటు కోర్టులే కాబట్టి ముందు ఇసుక ఊడిపించండి. బుట్ట స్తంభం ఎండ్‌లైన్‌కు (బుట్ట వెనకున్న కోర్టు హద్దు గీతకు) 2 మీటర్ల అవతల, మెత్తలు చుట్టి ఉండాలి. లేకపోతే పాత పరుపైనా కట్టించాకే మొదలుపెట్టండి. కడియాలు, గాజులు, కమ్మలు తీయించండి, గోళ్లు చూడండి. 'ఏం కాదు సార్' అన్నా వినొద్దు.

రిఫరీకి వచ్చే భత్యంతోనే ఇల్లు గడవడం కష్టం. డిగ్రీ కాగానే పీఈసెట్ (ప్రవేశ పరీక్ష) రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయండి. వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగానికి అది దారి. ఈలోగా జిల్లా బాస్కెట్‌బాల్ సంఘంలో స్కోరర్‌గా, టైమర్‌గా టేబుల్ దగ్గర కూర్చోండి. ఆ తర్వాత రాష్ట్ర స్థాయి, ఆపై జాతీయ సమాఖ్య రిఫరీ పరీక్షలకు కూర్చోవచ్చు. నిబంధనల పుస్తకం ఫిబా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో గాయాల గురించిన 5వ ఆర్టికల్, ఒకరికొకరు తగలడం గురించిన 33వ ఆర్టికల్ వచ్చే మ్యాచ్ లోపే చదవండి.