ఎండీ0 కాస్తా ఎండీ127 అయిపోతే

ముందు టెన్షన్ వదిలేయండి బ్రదర్, మీ డేటాకు ఏమీ కాలేదు. ఉబుంటులో రెండు 4 టీబీ డిస్కులతో రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండే ఏర్పాటు) పెట్టారు, రీబూట్ చేయగానే ఆ డిస్కుల జంట పేరు ఎండీ0 కాస్తా ఎండీ127గా లేచింది, సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది, అంతేగా? నాకైతే ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

బూట్ మొదట్లో నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మీ అర్రే (కలిపిన డిస్కుల జంట) వివరాలు లేవు. డిస్కుల మీదున్న అర్రే సమాచారం, అంటే సూపర్‌బ్లాక్ చూసి ఎండీఆడ్మ్ (రెయిడ్ నడిపే టూల్) రెండింటినీ కలిపేస్తుంది గానీ, ఏ పేరు పెట్టాలో తెలియక 127 నుంచి వెనక్కి నంబర్లు ఇస్తుంది. మీ ఎఫ్‌స్టాబ్ (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో రాసుండే ఫైలు) మాత్రం పాపం ఎండీ0 కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

రూట్‌గా లాగిన్ అయ్యి ఎండీఆడ్మ్‌ని డీటెయిల్, స్కాన్ ఆప్షన్లతో నడపండి. అర్రే అని మొదలయ్యే లైను వస్తుంది, అందులో డివైస్ పేరు ఎండీ0గా మార్చి, ఎండీఆడ్మ్ డాట్ కాన్ఫ్ ఫైలు చివర పెట్టండి. తర్వాత అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్ మైనస్ యూతో కొట్టాలి, ఇది మర్చిపోతే మళ్లీ అదే కథ.

ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ0 తీసేసి యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇవ్వండి, కానీ జాగ్రత్త, ఇందాక అర్రే లైనులో కనిపించిన యూయూఐడీ కాదు, అది వేరు. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే ఫైల్‌సిస్టమ్‌ది కావాలి. పక్కనే నోఫెయిల్ కూడా రాస్తే ఎప్పుడైనా అర్రే లేవకపోయినా సిస్టమ్ మాత్రం లేస్తుంది.

రీబూట్ అయ్యాక, అర్రే స్థితి చూపే ప్రాక్ ఎండీస్టాట్‌లో రెండు యూలు కనిపిస్తే రెండు డిస్కులూ బాగున్నట్టే. ఒక యూ స్థానంలో అండర్‌స్కోర్ ఉంటే ఆ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.