సిలువ తర్వాత తొలి క్రైస్తవులు జంతుబలులు వెంటనే మానేశారా?

మీరు అడిగింది ఇది: యేసు సిలువ మరణంతో బలులన్నీ ముగిశాయంటారు కదా, మరి ఆయన శిష్యులు పేతురు, యోహాను ఆ తర్వాత కూడా యెరూషలేము దేవాలయానికి ఎందుకు వెళ్లేవారు? మా సంఘంలో యువకులకు బైబిల్ తరగతి చెబుతుంటాను. అక్కడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. వెంటనే మానలేదన్నదే నా సమాధానం. బలికున్న అర్థం ముందు మారింది, బలి ఆగడం తర్వాతి సంగతి.

తరగతిలో నేను మొదట తీయించేది అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం. సిలువ జరిగిన సుమారు పాతికేళ్లకు అపొస్తలుడు పౌలు యెరూషలేము వస్తాడు. అక్కడి సంఘ నాయకుడు యాకోబు దగ్గర చేరిన పెద్దలు, మొక్కుబడి ఉన్న నలుగురిని చూపించి, "వీళ్లతో కలిసి శుద్ధి చేసుకో, వీళ్ల ఖర్చు నువ్వు పెట్టుకో" అంటారు. పౌలు ఒప్పుకుంటాడు. ఖర్చు దేనికో తెలియాలంటే సంఖ్యాకాండము 6 చూడాలి. నాజీరు మొక్కు, అంటే కొంతకాలం జుట్టు కత్తిరించకుండా దేవుడికి ప్రత్యేకంగా ఉంటానన్న మొక్కు, తీరినప్పుడు దహనబలికి ఏడాది మగ గొర్రెపిల్ల, పాపపరిహారార్థబలికి ఏడాది ఆడ గొర్రెపిల్ల, సమాధానబలికి ఒక పొట్టేలు తేవాలి. నలుగురికీ కలిపి 12 జీవాలు! తల గొరిగించుకుని ఆ వెంట్రుకల్ని సమాధానబలి కింద మండే నిప్పులో వేయాలి. తలనీలాలు ఇవ్వడం చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ భాగం ఇట్టే అర్థమవుతుంది.

పాపపరిహారార్థబలి దగ్గరికొచ్చేసరికి మాత్రం తరగతిలో గొడవ మొదలవుతుంది. క్రీస్తే మన పస్కా పశువని, అంటే పస్కా పండుగకు వధించే గొర్రెపిల్లలాంటి వాడని, కొరింథీయులకు రాసిన పౌలు దీనికి ఎలా ఒప్పుకున్నాడని అడుగుతారు. పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు సబబుగా తోచేది ఇది: యూదులుగా పుట్టిన విశ్వాసులకు దేవాలయం ఇంకా తమ ఇల్లే. అక్కడ మొక్కు చెల్లించడం భక్తి. పాపక్షమాపణ కోసం మాత్రం వాళ్లు సిలువనే నమ్ముకున్నారు. శుద్ధికి పట్టే ఏడు రోజులూ పూర్తి కాకముందే గుడిలో అల్లరి చెలరేగి పౌలు బందీ అయ్యాడు.

ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాన్ని తీసేయలేవని బైబిల్లోని హెబ్రీ పత్రిక (హెబ్రీయులకు రాసిన ఉత్తరం) తేల్చి చెప్పింది. క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని నేలమట్టం చేశాక యూదులకు కూడా బలి ఇచ్చే చోటు లేకుండా పోయింది.

అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసుల ఇబ్బంది వేరు. గ్రీకు పట్టణం కొరింథులో గుళ్లలో బలిచ్చిన మాంసం అంగడికీ వచ్చేది, విందులకూ వచ్చేది. కటికవాని అంగడిలో అమ్మేది ఆరా తీయకుండా తినండి, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకండి అన్నాడు పౌలు. మాది బాపట్ల వైపు. పోలేరమ్మ కొలుపులప్పుడు పక్కింటి అత్తయ్య వేటమాంసం కూర పంపితే అమ్మ, "వదినా, అమ్మవారికి పెట్టింది మేం తినం, ఏమనుకోకు" అని చేతులు పట్టుకుని చెప్పింది. మరుసటేడు ఆవిడే గిన్నె తెచ్చి, "కొలుపులకి ముందే మీకోసం వేరే కోడిని కోయించాను, ఇది అమ్మవారికి పెట్టింది కాదు, పిల్లలకి పెట్టు" అంది. పౌలు చెప్పిన ఆ మాటలు తరగతిలో వివరించేటప్పుడల్లా ఆవిడ గురించి చెబుతాను. పౌలు కోరిన గౌరవం ఆవిడ మాకు తనంతట తానే ఇచ్చింది.

ఆ మాంసం సంగతి ఎంత దూరం పోయిందంటే, క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా సామ్రాజ్యంలోని బితూనియ ప్రాంతపు గవర్నరు ప్లినీ, బలిమాంసం కొనేవాళ్లే కరువయ్యారనీ, తను క్రైస్తవుల మీద చర్యలు తీసుకున్నాక మళ్లీ అమ్ముడవుతోందనీ ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. 250లో డెసియస్ చక్రవర్తి ప్రజలంతా దేవతలకు బలి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. బలి ఇచ్చాను, బలిమాంసం రుచి చూశాను అని రాసున్న అలాంటి పత్రాలు ఈజిప్టులో దొరికాయి. ఒప్పుకోని క్రైస్తవులు జైళ్లపాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

అలాగని క్రైస్తవంలో జంతువును అర్పించడం పూర్తిగా పోయిందనుకోకండి. ఆర్మేనియా సంఘంలో మతాఘ్ అనే ఆచారం ఇప్పటికీ ఉంది. పాదిరి ఆశీర్వదించిన ఉప్పును జీవానికి తినిపించి, కోసి, ఆ మాంసాన్ని ఉడికించి పేదలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. పాపపరిహారానికి దీనికీ సంబంధం లేదని, ఇది దేవుడికి కృతజ్ఞతగా చేసే దానమని ఆ సంఘం చెబుతుంది.