ఐసు ముక్కల యావ

ప్రశ్న: నా వయసు 58. కొన్ని నెలలుగా ఐసు ముక్కలు నమలకుండా ఉండలేకపోతున్నాను. రాత్రి లేచి మరీ ఫ్రిజ్ తెరుస్తున్నాను. మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్ల నొప్పులకు మాత్రలు వాడుతున్నాను. పళ్లు పాడవుతాయి, దంతవైద్యుడికి చూపించుకోమని మా ఆవిడ గొడవ. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి, కాదనను. కానీ ముందు రక్తపరీక్ష. ఐసు మీద ఇంత యావ ఇనుము లోపానికి బాగా తెలిసిన గుర్తు. మీ ఆయాసమూ అటే వేలు చూపిస్తోంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ కూడా చూపించుకోండి. ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము ఎంతో తెలిసేది దానితోనే. హిమోగ్లోబిన్ తగ్గకముందే అది పడిపోతుంది.

లోపం బయటపడగానే ఇనుము మాత్రలు మింగి ఊరుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మగవారికి నెలసరి లేదు కదా, మరి ఇనుము ఎటు పోతున్నట్టు? ఈ వయసులో జీర్ణకోశంలో ఎక్కడో రక్తం కారుతోందనే ముందు అనుమానించాలి. మీ నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి ఉండవచ్చు. వాటి పేర్లు డాక్టరుకు తప్పక చెప్పండి. పెద్దపేగు క్యాన్సర్ కూడా కావచ్చు. అది కుడివైపున పెరిగితే చాలాకాలం నొప్పి ఉండదు, మలంలో రక్తం కంటికి ఆనదు, రక్తహీనతే మొదటి కబురు. అందుకే లోపం నిర్ధారణ అయితే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో కడుపు, పెద్దపేగు లోపల చూసే పరీక్షలు) గురించి మీరే అడగండి.

ఇనుము మాత్రలు మొదలుపెడితే ఐసు యావ తరచుగా రక్తం పెరగకముందే పోతుంది. జబ్బు కుదిరిందనుకుని ఆ పరీక్షలు మానేయకండి.